అత్త తొట్టిలోని పాత మట్టి

మా అత్త చనిపోయింది. రాసి చూసుకున్నా ఈ మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ రోజు ఉదయం విజయనగరంలో నేను కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే అరసవల్లి నుంచి చిన్నత్త ఫోను చేసింది. చిన్నత్త మా అత్తకు తోటికోడలు. భర్తలు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో చెరో వాటాలో ఉంటున్నారు. ఆమె ఎప్పుడు ఫోను చేసినా వంకాయలు పుచ్చిపోయిన సంగతి, గ్యాసు అయిపోయిన సంగతి చెప్పి గానీ అసలు మాటకు రాదు. ఆ రోజు మాత్రం నేరుగా అనేసింది.

"ఓలే, మీ అత్త ఎల్లిపోనాదే. తొట్టికాడ కూకున్నది కూకున్నట్టే ఒరిగిపోనాది. బేగి రా."

ఏ తొట్టి అని నేను అడగలేదు. మీకు మాత్రం చెప్పాలి. ఆ ఇంటి పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. అందులో ఎప్పుడూ మట్టి నానుతూ ఉండేది. మీద తడి గోనెపట్టా కప్పి ఉండేది. అత్త పొద్దున లేచి మొహం కడుక్కోకముందే వెళ్ళి ఆ గోనె తీసి, మట్టిని వాసన చూసి, నీళ్ళు చల్లి మళ్ళీ కప్పేది. ఆ వాసన మాలాంటివాళ్ళకు ముక్కు మూసుకునేలా ఉండేది. ఆమెకు అది కమ్మగా ఉండేదట. మట్టి ఎంత మగ్గితే అంత సాగుతుందని, వాసన రాని మట్టి ఇంకా పసిదని అనేది.

అత్త మా నాన్నకు అక్క. మాది కుమ్మరిల్లు. నరసన్నపేట దగ్గర పల్లెలో మా తాత కుండలు చేసే సారె తిప్పేవాడు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మట్టి తొక్కుతారు, రాళ్ళు ఏరుతారు, కుండ అడుగును తట్టి మూస్తారు. సారె మాత్రం ముట్టుకోకూడదు. మా నాన్న బస్సు కండక్టరుగా వెళ్ళిపోయాక తాత సారె గోడకు ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది. అత్త కావాలంటే అప్పుడు ముట్టుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. ముట్టుకోలేదు. మట్టిని తాళ్ళలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ, చేతులతోనే పొడుగాటి కూజాలు లేపేది. తర్వాతెప్పుడో ఒక శిక్షణ శిబిరంలో ఆమెకు కరెంటు సారె ఇచ్చారు. దాని ముందు దర్జాగా కూర్చుంది. అదేమిటత్తా, ఆడవాళ్ళు ముట్టకూడదన్నావుగా అంటే నన్ను తేరిపార చూసింది.

"మా అయ్య సారె ముట్టకూడదన్నారు గానీ, కరెంటుది ముట్టొద్దని ఎవులు సెప్పినారు?"

అది కూడా ఎన్నాళ్ళో తిప్పలేదు. బాగా తొందర మనిషిలా ఉందని పక్కన పెట్టేసి మళ్ళీ చేతుల్లోకి వచ్చేసింది. అత్తకు తొందర అంటే పడదు. ఎవరైనా ఏదైనా పండక్కి కావాలని తొందరపెడితే, "అంత తొందరుంటే స్టీలుది కొనుక్కో" అనేది. మట్టిలో ఆమెకు నచ్చిన గుణం కూడా అదే. "మట్టికి రేపని సెప్పొచ్చే. కోపం రాదు దానికి" అనేది. భర్త పోయిన రోజుల్లో, పిల్లలు లేరని చుట్టాలు జాలిపడుతూ చంపుకుతిన్న రోజుల్లో ఆమెను నిలబెట్టింది ఆ తొట్టే.

నేను సెలవులకు వెళ్ళినప్పుడు నన్ను నేరుగా పెరట్లోకి రానిచ్చేది కాదు. మా అమ్మ నాకు తలనిండా నూనె పెట్టి రెండు జడలు వేసి పంపేది. అత్త నన్ను చూడగానే "నూనె గుంటొచ్చీసినాది" అని నవ్వి, కుంకుడుకాయ రసంతో తలంటి, చేతులు బూడిదతో తోమి, అప్పుడు మట్టి ముట్టుకోనిచ్చేది. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. ఆమె కూడా మట్టి పిసికే రోజున తలకు నూనె రాసుకోదు. నూనె అంటిన మట్టి మట్టిని పట్టుకోదట. పైకి కలిసినట్టే ఉంటుంది, ఎండేటప్పుడు విడిపోతుంది. నాకు నమ్మకం కలగాలని ఒకసారి చిన్న ముద్దకు కొబ్బరినూనె రాసి నా చేతిలో పెట్టింది. ఎంత నొక్కినా అంచులు కలవలేదు. అది ఆడుకోవడానికి నాకే ఇచ్చేసింది గానీ మళ్ళీ తొట్టిలో వేయనివ్వలేదు.

ఆమెకు పేరు తెచ్చినవి కూజాలే. వాటిని చూసినవాళ్ళు ముందుగా మెడ దగ్గర ఆగిపోయేవారు. పొడుగ్గా, నిటారుగా లేచి, పైకి వెళ్ళేసరికి కాస్త బిగిసి, ఏదో మోస్తున్నట్టు ఉండే మెడలు. విశాఖపట్నంలో ప్రదర్శన పెట్టినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఒకావిడ మైకు పట్టుకుని, మీకు ప్రేరణ ఎక్కడినుంచి వచ్చిందని అడిగింది. అత్త ఆలోచించకుండా "సేపలమ్మి మెడ" అంది. అందరూ నవ్వారు. అత్త వాళ్ళతోపాటు నవ్వలేదు, ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక నా వైపు చూసింది.

ఆ చేపలమ్మి రోజూ తీరం నుంచి బస్సులో వచ్చి, బుట్ట నెత్తిన పెట్టుకుని మా అత్త వీధిలో అమ్మేది. ఒక రోజు అత్త ఆమెను పెరట్లోకి పిలిచి ఎండుతున్న కూజాల ముందు నిలబెట్టింది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు చూసింది.

"నా మెడ ఇలగుంటాదేటి? నానేటి కొంగనా?"

"బుట్ట ఉన్నప్పుడు కాదే. బుట్ట దింపీసినాక. బరువు పోనాదని నీ మెడకింకా తెల్దు. అలగే నిలబడుంటాది. అది సూసి సేసినాను."

చేపలమ్మి మెడ తడుముకుంది. ఆ రోజు చేపలు తూచేటప్పుడు ఓ రెండు ఎక్కువ పడేసి వెళ్ళింది. అత్త ఆమెకు ఒక కూజా ఇచ్చింది. పత్రికలో అత్త గురించి సిరామిక్ ఆర్టిస్ట్ అని రాస్తే, అది చదివి వినిపించిన నన్ను ఆపి, "ఆ మాట పలకాలంటే నాకున్న పళ్ళు సాలవు, మట్టి పని అని సదువు" అంది. చేపలమ్మి మెడ తడుముకోవడం గురించి మాత్రం ఎన్నేళ్ళయినా చెప్పుకునేది.

ఇప్పుడు ఆ తొట్టిలోని పాత ముద్ద గురించి చెప్పాలి. మా ఇళ్ళల్లో కొత్త మట్టి తెచ్చినప్పుడు, పాలు తోడేసినట్టు, అందులో పాత మట్టి ముద్ద ఒకటి కలుపుతారు. అది కలిస్తేనే కొత్త మట్టి త్వరగా మగ్గుతుంది, మాట వింటుంది. మట్టి అయిపోయేలోగా మళ్ళీ ఒక ముద్ద తీసి పక్కన పెడతారు. సారె మగవాళ్ళదైతే, ఆ ముద్ద ఆడవాళ్ళది. మా ముత్తవ్వ నుంచి మా అవ్వకు, అవ్వ నుంచి అత్తకు వచ్చింది. అంటే అత్త తొట్టిలో నేను చెయ్యి పెట్టినప్పుడల్లా, నేను చూడని మా ముత్తవ్వ పిసికిన మట్టి కూడా నా వేళ్ళకు తగులుతోందన్న మాట.

దానికి ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో చావు జరిగితే నిల్వ నీళ్ళన్నీ పారబోస్తారు, వంట కుండలు బయట పడేస్తారు. ఇది చాలా ఇళ్ళల్లో ఉన్నదే. మా కుమ్మరిళ్ళల్లో తడి మట్టి కూడా పారేయాలి. మైల సోకిన మట్టితో చేసిన కుండలో ఎవరూ బువ్వ వండుకోకూడదని. అందుకని పాత ముద్ద బతకాలంటే, మనిషి ఊపిరి ఆగేలోపే ఎవరో ఒకరు దాన్ని గుమ్మం దాటించాలి. ఇంట్లో చావు వచ్చిన ప్రతిసారీ అలాగే దాటిస్తూ వచ్చారు. మా అవ్వకు ఆయాసం ఎక్కువైనప్పుడు అందరూ మంచం చుట్టూ చేరితే, అత్త మాత్రం ముద్దను ఇత్తడి బిందెలో వేసుకుని వెళ్ళి ఎవరో రైతు పశువులశాలలో పెట్టి వచ్చింది. తల్లి పోతుంటే మట్టి మోస్తున్నావా అని చుట్టాలు తిట్టిపోశారు. తిరిగి వచ్చేసరికి అవ్వ పోయింది. కడసారి చూపు దక్కలేదు. ఆ బాధ అత్తకు ఎప్పుడూ ఉండేది. కానీ అవ్వే తనను కళ్ళతో తొట్టివైపు తోలిందని చెప్పేది.

"నా టైముకి నువ్వు రావాల. ముందు ముద్ద పట్టుకెల్లిపో. నా మొకం తరవాత సూద్దుగాని" అని నాకు చెప్పిపెట్టింది. నేను ప్రమిదలూ చిన్న గిన్నెలూ తప్ప ఏమీ చేయలేను. ఆ మాటే అన్నాను. "సెయ్యకపోతే పోనీ. తడి ఆరకుండా సూసుకో సాలు. ఎవుర్తో ఒకర్తి వస్తాది" అంది.

ఎవరూ వచ్చేలా లేరు. ఆ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలిసింది. కొత్త మట్టి ఎప్పుడూ మా పల్లె చెరువునుంచే వచ్చేది. ఒకసారి ఇద్దరం మట్టికోసం వెళ్తే చెరువు లేదు. గ్రావెలు పోసి చదును చేసి, రంగు రాళ్ళు పాతి, ఆర్చి కట్టారు. అత్త ఆ రాళ్ళ మధ్య, ఒకప్పుడు మట్టి తవ్విన చోటు ఇదేనని లెక్కకట్టుకుని నిలబడింది. టోపీ పెట్టుకున్న అబ్బాయి ఒకడు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ప్లాటు సూస్తన్నారా అమ్మా? ఈస్ట్ ఫేసింగు."

"ప్లాటొద్దు బాబూ. కిందున్నది కావాల."

అతను నవ్వి, గొడుగు అత్త మీదికి పట్టాడు. తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నేను ఊరుకోలేక విశాఖపట్నంనుంచి సంచి మట్టి తెప్పించాను. తెల్లగా, మెత్తగా, ఒక్క రాయి లేకుండా ఉంది. అత్త దాన్ని మర్యాదగానే పిసికింది. "మంచిదే. సుట్టమొచ్చినట్టుంది" అంది. పాత ముద్ద కొంచెం కలిపి కూజా లేపితే, ఎండేసరికి మెడ దగ్గర నిలువునా చీలింది. రెండూ ఒకే తీరుగా ఆరవట. మళ్ళీ ఆ సంచి జోలికి వెళ్ళలేదు.

ఆ తర్వాత అత్త ఆవం పెట్టడం మానేసింది. అంటే కాల్చడం మానేసింది, చేయడం మానలేదు. వారమంతా కూర్చుని కూజా లేపేది. బల్లమీద పెట్టి అటూ ఇటూ తిరిగి చూసుకునేది. చిన్నత్తనూ చేపలమ్మినీ పిలిచి చూపించేది. తర్వాత దాన్ని పచ్చిదాన్ని పచ్చిదిగానే విరిచి తొట్టిలో వేసి నీళ్ళు పోసేది. ఒక్కటైనా కాల్చు అత్తా, నేను దాచుకుంటానని బతిమాలాను. నాకు నిజంగా ఏడుపొచ్చేది, అంత అందమైన మెడలు నీళ్ళల్లో కరిగిపోతుంటే.

"కాలిస్తే అది కూజా అయిపోతాదే. మరి మట్టి అవదు" అంది. "మరింక మట్టి రాదు కదేటి. రేపు నానేటి సెయ్యాల?"

ఆమె చేసిన పనుల్లో అవే గొప్పవని నేను అనుకుంటాను. నేను చెప్పడమే తప్ప మీకు చూపించడానికి ఒక్కటీ లేదు. అన్నీ ఆ తొట్టిలోనే ఉండేవి.

ఆ రోజు బస్సులో కూర్చున్నాక కట్టుబాటు గుర్తొచ్చింది. ఫోను మోగేసరికే ఆమె ఊపిరి ఆగిపోయింది కాబట్టి, ముద్దకు మైల అప్పటికే వచ్చేసింది. నాకు ఈ మైలల మీద నమ్మకం లేదు. నలుగురూ వెళ్ళాక పిడికెడు తీసి టిఫిను డబ్బాలో పెట్టుకుందామనుకున్నాను. ఇంటిల్లిపాదీ తిట్టినా సరే అనుకున్నాను. ఏడుస్తూనే ఆ డబ్బా ఖాళీ చేసుకున్నాను కూడా.

అత్తను వసారాలో పడుకోబెట్టారు. మొహం మామూలుగానే ఉంది. స్నానం చేయించేటప్పుడు గోళ్ళ సందుల్లో మట్టి ఎంత తోమినా వదల్లేదు. పుల్లతో తీయబోతున్న ఆవిడను చిన్నత్త ఆపింది. "ఉంచీయండి. అలగే ఎల్లనీ" అంది. పాడె ముందు పట్టుకోవడానికి కుండ లేకపోయింది. ఇంట్లో బల్లమీద రెండు పచ్చి కూజాలున్నాయి గానీ వాటిల్లో నీళ్ళు పోస్తే కరిగిపోతాయి. కుమ్మరిదాని చావుకు బజారుకు మనిషిని పంపి కుండ కొనిపించారు. వచ్చిన కుండను నేను వేలితో కొట్టి చూశాను. బాగా కాలలేదు. అత్త అయితే దాన్ని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.

చేపలమ్మి వచ్చింది. బుట్ట గేటు బయటే దింపి, కాళ్ళు కడుక్కుని, అత్త కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడవలేదు. ఆ మెడ అలాగే నిలబడి ఉంది. నేను ఆమెను చూసి ఏడ్చాను.

మగవాళ్ళు పాడె ఎత్తుకుని వెళ్ళారు. నేను వసారాలో గోడకు చేరబడి ఉండిపోయాను. వెనక పెరట్లో నీళ్ళు పారబోస్తున్న చప్పుడు వినిపించింది. బిందెలు కడుగుతున్నారనుకున్నాను. డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి తొట్టి ఖాళీగా ఉంది. లోపల పసుపు నీళ్ళు చల్లి ఉన్నాయి. బల్లమీది పచ్చి కూజాలు కూడా లేవు. చిన్నత్త తడి బట్టలతో తొట్టి గట్టుమీద కూర్చుని ఉంది.

"మట్టేది చిన్నత్తా?"

"వీధిలోన, ఆటోల కాడ గుంత ఉన్నాది కదా. అందలెట్టీసినాను. ఎవుల కాలూ గుంతలో దిగబడకుండా."

"అందులో పాత ముద్ద ఉంది. నీకు తెలీదా?"

"తెలీకేటే? నానూ కుమ్మరిగుంటనే." "తెలిసే తీసినాను. మైల సోకిన ముద్ద నీ సేతిలో ఎలగ ఎట్టమంటావు? నీ ఇంటికేటైనా అయితే? పైకెల్లినాక మీ అత్త, గుంటనిలగేటే సూసుకున్నావు అని నన్నడగదేటి? మనసొప్పలేదే నాకు. అయినా తీసినాను."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. వేరే ఎవరింట్లోనైనా అయితే మట్టేగా అని వదిలేసేవారు. మట్టి విలువ తెలిసిన ఇల్లు కాబట్టే ఒక్క చెంచాడు మిగల్చకుండా ఎత్తిపోశారు. పైగా, అత్తే బతికి ఉండి, ఆ స్థానంలో చిన్నత్త పోయి ఉంటే, అత్త కూడా అదే చేసేది. ఎవరూ అడ్డుచెప్పకపోయినా తండ్రి సారెను జీవితాంతం ముట్టని మనిషి ఆమె. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు గానీ, ఒప్పుకోక తప్పదు.

వీధి చివర ఆటోలు బాగుచేసే షెడ్డు ఉంది. దాని ముందే గుంత. చిన్నత్త మట్టిని అందులో నింపి, ఎవరూ తూలి పడకుండా అరచేతులతో తట్టి చదును చేసింది. పారేసే మట్టిని కూడా కుండ అడుగు తట్టినట్టే తట్టింది. చేతి గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. వంగి పిడికెడు తీశాను. ఇసుకా గులకరాళ్ళూ అయితే కడిగి వడకట్టుకోవచ్చు. కానీ గుంతలో అడుగునుంచి ఇంజను ఆయిలు ఊరి మట్టినిండా పాకింది. నా అరచేతిలో రంగురంగులుగా మెరిసింది. ముద్ద చేయబోయాను. అంచులు కలవలేదు. మళ్ళీ నొక్కాను. కలవలేదు. చిన్నప్పుడు కొబ్బరినూనె రాసి అత్త నా చేతిలో పెట్టిన ముద్ద ఇలాగే చేసింది. దాన్ని ఆమె తొట్టిలో వేయనివ్వలేదు. నేనూ డబ్బాలో వేయలేదు. వేసినా, కలపడానికి ఇంకెక్కడా మట్టి లేదు.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి మీలో చాలామంది వస్తుంటారు. ఆటో ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు ఒకచోట కుదుపు ఉండదు. మా ముత్తవ్వ, మా అవ్వ, మా అత్త పిసికిన మట్టి అక్కడుంది. అత్త కాల్చకుండా కరిగించిన కూజాలన్నీ, వాటి మెడలతో సహా, అక్కడే ఉన్నాయి.

వెనకనుంచి హారను మోగింది. పక్కకు జరిగాను. జనంతో నిండిన ఆటో ఒకటి వేగం తగ్గించకుండా గుంత మీదుగా వెళ్ళిపోయింది. మగ్గిన మట్టి కదా, టైరు గీతలను ఒక్కటి కూడా చెదరకుండా పట్టుకుంది. ఆ గీతల కింద చిన్నత్త అరచేతి గుర్తు సగం మిగిలింది, నాలుగు వేళ్ళు లేకుండా.